గీత ఇంటి మధ్యలోంచి పోవాలి

మా అన్నయ్య కొడుకు నెల్లూరులో మా ఇంట్లో ఉండి డిగ్రీ చదువుకుంటున్నాడు. వాడు మాంచెస్టర్ యునైటెడ్ పక్షం. రోజూ వాణ్ని స్కూటీ మీద కాలేజీకి ఎక్కించుకుపోయే స్నేహితుడు మాంచెస్టర్ సిటీ పక్షం. రెండూ ఇంగ్లండులోని ఒకే ఊరి ఫుట్‌బాల్ జట్లు. ఈమధ్య అవి తలపడిన రాత్రి, మ్యాచ్ అయిపోగానే ఆ స్నేహితుడు క్లాసు వాట్సాప్ గ్రూపులో ఒక బుల్లి విమానం బొమ్మ పెట్టి, పక్కన వరసగా నవ్వు ముఖాలు పెట్టాడు. మావాడికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఫోను మంచం మీదికి విసిరేశాడు. ఇప్పుడు ఆటోలో కాలేజీకి పోతున్నాడు.

విమానం అంటే జర్మనీలోని మ్యూనిక్‌లో జరిగిన ప్రమాదం. 1958 ఫిబ్రవరి 6న మంచు పేరుకున్న రన్‌వే మీద యునైటెడ్ జట్టు ఎక్కిన విమానం పైకి లేవలేక కూలిపోయింది. 23 మంది పోయారు, అందులో 8 మంది ఆటగాళ్ళు. అరవై ఏళ్ళు దాటినా ఎదుటి జట్టు వాళ్ళని గుచ్చడానికి అదొక ముల్లుగా వాడుతూనే ఉన్నారు.

సంగతి విని మా మామగారు పేపరు దించి, "మాంచెస్టరెక్కడ, మాగుంట లేఅవుటెక్కడ? వాళ్ళూ వాళ్ళూ తన్నుకుంటే మధ్యలో మీకేందిరా?" అన్నారు. ఇంట్లో అందరూ నవ్వారు. మావాడు నా వైపు చూశాడు. ఫుట్‌బాల్ విషయంలో ఇంట్లో వాడికున్న ఒకే ఒక్క దిక్కు నేను.

మామగారి మాటతో నాకు పేచీ ఉంది. అరువు తెచ్చుకోవడం తప్పేమీ కాదు. క్రికెట్టూ అరువుదే. ఎక్కడో ఉన్న జట్టు కోసం రాత్రి ఒంటిగంట దాకా మేలుకోవడంలో నాకు వెర్రి కనిపించదు, ప్రేమే కనిపిస్తుంది. నా బాధల్లా మనవాళ్ళు అరువు తెచ్చుకున్నది సగమేనని. గొడవను తెచ్చుకున్నారు, అక్కడ ఆ గొడవకు ఉన్న ముకుతాడును తెచ్చుకోలేదు. అయితే ఆ ముకుతాడు ఏమిటా అని వెతకడం మొదలుపెడితే, మొదట తట్టిన జవాబు చివరిదాకా నిలబడలేదు. అందుకే ఇంత పొడుగు పోస్టు.

ఆ విమానంలో సిటీ మనిషీ ఉన్నాడు

విమానం బొమ్మ పెట్టిన కుర్రాడికి తెలియని విషయం ఒకటుంది. మ్యూనిక్‌లో పోయినవాళ్ళలో ఫ్రాంక్ స్విఫ్ట్ ఒకడు. ఆయన మాంచెస్టర్ సిటీకి ఏళ్ళ తరబడి గోల్‌కీపరు. ఆట మానేశాక విలేఖరి అయి, ఆ హోదాలో ఆ విమానం ఎక్కాడు. అంటే సిటీ అభిమాని ఆ బొమ్మ పెడితే తన జట్టు గోల్‌కీపరు చావును చూసి కూడా నవ్వుతున్నట్టే లెక్క.

ఆ రెండు జట్ల చరిత్ర నిండా ఇలాంటి చిక్కుముళ్ళే. యునైటెడ్‌కు పెద్దదిక్కుగా నిలిచిన మేనేజరు మ్యాట్ బస్బీ ఆటగాడిగా ఉన్న రోజుల్లో సిటీకి ఆడాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి తమ మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్ దెబ్బతింటే, 1949 దాకా యునైటెడ్ వాళ్ళు తమ మ్యాచ్‌లు సిటీ మైదానం మెయిన్ రోడ్‌లో అద్దె కట్టి ఆడుకున్నారు. ఇవన్నీ మన దగ్గర రీల్స్‌లో రావు. సిటీ 6-1తో యునైటెడ్‌ను చిత్తు చేసిన మ్యాచ్ వస్తుంది, సిటీ ఆటగాడు అగ్వేరో ఆఖరి నిమిషం గోలు వస్తుంది, విమానం బొమ్మ వస్తుంది.

2008 ఫిబ్రవరి 10, ఆదివారం. మ్యూనిక్‌కు యాభై ఏళ్ళు నిండిన వారం. ఓల్డ్ ట్రాఫర్డ్‌లో డెర్బీ, అంటే ఒకే ఊరి రెండు జట్ల పోరు. ఆట మొదలయ్యే ముందు ఒక నిమిషం మౌనం పాటించాలి. సిటీ అభిమానులు ఆ నిమిషాన్ని పాడు చేస్తారేమోనని ఊరంతా భయం. మౌనం వద్దు, దాని బదులు చప్పట్లు కొట్టిద్దామన్న మాట కూడా నడిచింది. తీరా చూస్తే సిటీ వాళ్ళు కిక్కురుమనలేదు. ఆ తర్వాత 2-1తో మ్యాచ్ కూడా గెలుచుకుని పోయారు.

అలాగని అక్కడి వాళ్ళు పెద్దమనుషులు, మన కుర్రాళ్ళు తుంటరులు అని చెప్పబోవడం లేదు. చేతులు బార్లా చాపి విమానంలా ఊగే సైగ పుట్టింది అక్కడి స్టాండ్లలోనే. దాన్ని ఏళ్ళ తరబడి పెంచిందీ వాళ్ళే. కానీ ఆ ఆదివారం ఒక్క నిమిషం వాళ్ళ నోరు కట్టింది ఏమిటి? నాకు మొదట తోచింది ఇది: మర్నాడు సోమవారం. పక్క టేబుల్ మీద, పక్క మిషను మీద పనిచేసేవాడు యునైటెడ్ మనిషి. వాడి ముఖం చూడాలి. మన వాట్సాప్ గ్రూపుకు అలాంటి సోమవారం లేదు.

బాగుంది కదా? ఇక్కడితో ఆపేస్తే చిన్న పోస్టయ్యేది.

అద్దె గొడవలో పుట్టిన జట్టు

ఈ సోమవారం సిద్ధాంతానికి లివర్‌పూల్ కంటే మంచి సాక్ష్యం దొరకదు. 1892కు ముందు ఆ ఊళ్ళో యాన్‌ఫీల్డ్ మైదానంలో ఆడిన జట్టు ఎవర్టన్. మైదానం జాన్ హోల్డింగ్ చేతిలో ఉండేది. ఆయన బీరు వ్యాపారి, రాజకీయ నాయకుడు, పైగా ఆ క్లబ్బుకే అధ్యక్షుడు. అద్దె దగ్గర, పెత్తనం దగ్గర తగాదా ముదిరి, సభ్యుల్లో ఎక్కువమంది స్టాన్లీ పార్కుకు అవతలి పక్కన గుడిసన్ పార్కు కట్టుకుని వెళ్ళిపోయారు. మైదానం ఉంది, ఆడేవాళ్ళు లేరు. హోల్డింగ్ ఇంకో జట్టు పెట్టుకున్నాడు. లివర్‌పూల్ అనే పేరుతో ఇవాళ మన కుర్రాళ్ళు చొక్కాలు వేసుకు తిరిగేది ఆ జట్టువే. ఇంటి ఓనరుతో పడక పక్క వీధిలో ఇల్లు చూసుకోవడం లాంటి ఈ వ్యవహారంలోంచి నూటముప్ఫై ఏళ్ళ వైరం పుట్టిందంటే నాకు భలే ముచ్చటేస్తుంది.

దీని వెనక మతం లేదు, పేదా గొప్పా తేడా లేదు. అందుకే ఒకే ఇంట్లో అన్న లివర్‌పూల్ ఎరుపు, తమ్ముడు ఎవర్టన్ నీలం. 1984లో లీగ్ కప్ ఫైనల్ వెంబ్లీలో ఈ రెండింటి మధ్యే జరిగితే, ఎవరూ గోలు కొట్టని ఆ మ్యాచ్ చివర స్టేడియమంతా కలిసి "మెర్సీసైడ్" అని తమ ప్రాంతం పేరే అరిచింది. 1989 ఏప్రిల్ 15న హిల్స్‌బరో స్టేడియంలో తొక్కిసలాట జరిగింది. అందులో ప్రాణాలు పోయిన లివర్‌పూల్ అభిమానుల లెక్క కాలక్రమంలో 97కు చేరింది. అప్పుడు గుడిసన్ నుంచి యాన్‌ఫీల్డ్ దాకా పార్కు పొడుగునా ఎరుపూ నీలం మెడగుడ్డలు ముడివేసి కట్టారు. ఆ మేలోనే ఎఫ్ఏ కప్పు ఫైనల్లో మళ్ళీ ఈ రెండు జట్లే ఎదురుపడ్డాయి. లివర్‌పూల్ 3-2తో గెలిచింది.

ఇందులో తియ్యదనం మరీ ఎక్కువైపోకుండా రెండు ముక్కలు చెప్పాలి. ఒకటి, ప్రీమియర్ లీగులో ఎక్కువ రెడ్ కార్డులు చూసిన పోటీ ఇదే. స్టాండ్లలో స్నేహం ఉన్నా గడ్డి మీద మడమలు విరుగుతూనే ఉన్నాయి. రెండు, 1985లో బెల్జియంలోని హేసెల్ స్టేడియంలో లివర్‌పూల్ అభిమానులు ఎగబడి గోడ కూలి 39 మంది పోతే, ఇంగ్లండు క్లబ్బులన్నిటినీ యూరప్ పోటీల నుంచి వెలివేశారు. ఆ ఏడు లీగ్ గెలిచింది ఎవర్టన్. యూరోపియన్ కప్పు ఆడే అర్హత చేతికి వచ్చి జారిపోయింది. చేసినవాడు ఒకడు, అనుభవించినవాడు ఒకడు. ఆ మంట ఎవర్టన్ పెద్దవాళ్ళలో ఇంకా ఆరలేదు. ఒకే కంచంలో తిన్నవాళ్ళ మధ్య కూడా ఇలాంటివి మిగిలిపోతాయి.

గ్లాస్గో దగ్గర లెక్క తప్పింది

ఇక స్కాట్లండులోని గ్లాస్గో. అక్కడి జట్లు సెల్టిక్, రేంజర్స్. వీళ్ళూ ఒకే ఊరి వాళ్ళే. వీళ్ళకీ సోమవారం ఉంది. నా సిద్ధాంతం నిజమైతే ఇక్కడా ముకుతాడు పనిచేయాలి. పనిచేయలేదు. ఆ మ్యాచ్ రోజున రాత్రి ఆస్పత్రులూ పోలీసులూ ఏం చూశారో దశాబ్దాల పాటు పేపర్లు రాస్తూనే వచ్చాయి.

సెల్టిక్‌ను 1887లో బ్రదర్ వాల్‌ఫ్రిడ్ అనే కాథలిక్ సన్యాసి పెట్టాడు. ఐర్లండు నుంచి కరువుకు వలసొచ్చిన పేదల పిల్లలకు తిండి పెట్టడానికి నిధులు కావాలి, ఆటతో టిక్కెట్లమ్మి పోగు చేయాలి. మొదటి మ్యాచ్ 1888 మేలో రేంజర్స్ మీదే, అదీ స్నేహపూర్వకమైన మ్యాచ్. పుట్టుకలో పగ లేదు. తర్వాత వచ్చి చేరింది. రేంజర్స్ ప్రొటెస్టెంట్ల జట్టయింది. పేరున్న కాథలిక్ ఆటగాణ్ని చేర్చుకోవడానికి వాళ్ళకు 1989 దాకా పట్టింది. ఒకప్పుడు సెల్టిక్‌కు ఆడిన మో జాన్‌స్టన్ సంతకం చేసిన రోజు రేంజర్స్ అభిమానులే కొందరు తమ మెడగుడ్డలు తగలబెట్టుకున్నారు. సెల్టిక్ వాళ్ళు వాణ్ని ద్రోహి అన్నారు. రెండు వైపులా తిట్లు తిన్న మనిషి.

ఇక్కడ ఆట ఒక్కటే వేరు కాదని గమనించాను. గుడి వేరు. బడి వేరు. 1918 చట్టంతో కాథలిక్ బడులు ప్రభుత్వ వ్యవస్థలోకి వచ్చినా వేరుగానే నిలిచాయి. ఒకప్పుడు ఓడలు కట్టే యార్డులో ఎవరికి పని దొరుకుతుందన్నదీ ఆ గీతనే అనుసరించేది. పెళ్ళి సంబంధాలు సరేసరి. ఐర్లండు రాజకీయం కూడా అదే గీత మీదికి వచ్చి కూర్చుంది. ఇన్ని బరువులు ఒకే గీత మీద పేరిస్తే, తొంభై నిమిషాల ఆట ఆ బరువంతా మోయాల్సి వచ్చింది.

ఈ ఊళ్ళో ఆ గీతను అందరికంటే బాగా చదివింది కంపెనీల వాళ్ళు. 1980లలో కొన్నేళ్ళు, ఆ తర్వాత మళ్ళీ చాలా ఏళ్ళు రెండు జట్ల చొక్కాల మీదా ఒకే కంపెనీ పేరు ఉండేది. ఒక్క జట్టుకే డబ్బిస్తే రెండో సగం ఊరు ఆ సరుకు కొనడం మానేస్తుందని భయం. అంత పగలోనూ వ్యాపారం మాత్రం రెండు చేతులా నడిచింది. 2012లో రేంజర్స్ దివాళా తీసి నాలుగో అంచె లీగుకు పడిపోయినప్పుడు సెల్టిక్ అభిమానులు పండగ చేసుకున్నారు. తర్వాతి నాలుగేళ్ళూ లీగులో ఎదురు లేక, స్టేడియంలో ఖాళీ కుర్చీలు చూసుకున్నారు.

కాబట్టి పక్కపక్కన ఉండటం ఒక్కటే చాలదు. గీత ఎక్కణ్ణుంచి పోతుందన్నది చూడాలి. వీధుల మధ్యలోంచి, గుడుల మధ్యలోంచి, కులాల మధ్యలోంచి పోయిందా, ఆ ఆట ఇంకేదో పోరుకు బంట్రోతు అవుతుంది. ఇంటి మధ్యలోంచి, మంచం మధ్యలోంచి పోయిందా, ఎంత అరుచుకున్నా అది ఆటే. నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్క మాటే. మిగతాదంతా దీనికి వచ్చే అడ్డుప్రశ్నలు.

చెరువు గట్టు మీద బెంగాలు

మా వాళ్ళకు విడవలూరు వైపు రొయ్యల చెరువులున్నాయి. చెరువుల మీద పనికి ఇప్పుడు బెంగాలు నుంచి కుర్రాళ్ళు వస్తున్నారు. మేత చల్లడం, చెక్‌ట్రేలు చూడటం, రాత్రిళ్ళు ఏరేటర్లు కనిపెట్టుకుని ఉండటం వాళ్ళ పని. ఒక శీతాకాలపు రాత్రి నేను అక్కడున్నప్పుడే కలకత్తా డెర్బీ వచ్చింది. షెడ్డులో ఒకే ఫోను, ఇద్దరు మనుషులు. నదియా జిల్లా పెద్దతను మోహన్ బగాన్ పక్షం. ముర్షిదాబాదు చిన్నతను ఈస్ట్ బెంగాల్ పక్షం. ఫోను పెద్దతనిది కాబట్టి తన జట్టు మీద గోలు పడినప్పుడల్లా నెట్ రావడం లేదని ఆపేసేవాడు.

గోల విని మా గుమాస్తా వచ్చి, "ఏందబ్బయా, మీరిద్దరూ బెంగాలోళ్ళే గదా, మీలో మీకేంది?" అన్నాడు.

పెద్దతను వచ్చీరాని తెలుగులో అన్నాడు: "మీ ఊళ్ళో అందరూ తెలుగోళ్ళే గదా సార్. టీకొట్లు రెండెందుకు?"

గుమాస్తా ఇంకేం మాట్లాడలేదు. ఆ మాట సంగతికి మళ్ళీ వస్తాను.

కలకత్తా గీత కూడా గ్లాస్గో దారిలో పోవాల్సిందే నిజానికి. మోహన్ బగాన్ 1889లో పుట్టింది. 1911లో ఎక్కువమంది వట్టికాళ్ళతో ఆడి, తెల్ల సైనికుల జట్టును 2-1తో కొట్టి ఐఎఫ్ఏ షీల్డు గెలిచిన పేరు దానిది. 1920లో జోరాబాగాన్ జట్టు మోహన్ బగాన్ మీద మ్యాచ్‌కు తూర్పు బెంగాలు ఆటగాడు శైలేష్ బోసును పక్కన పెట్టిందని కోపగించి, ఆ క్లబ్బు పెద్దల్లో ఒకరైన సురేష్ చంద్ర చౌధురి బయటికొచ్చి ఈస్ట్ బెంగాల్ పెట్టాడు. 1947 తర్వాత సరిహద్దు దాటి వచ్చిన లక్షలమంది కాందిశీకులకు ఆ జట్టే పోయిన ఊరి గుర్తయింది. యాస వేరు, వంట వేరు, ఉన్నవాళ్ళకు వచ్చినవాళ్ళ మీద చిన్నచూపు. పులసగా మన గోదావరి వాళ్ళు మురిసిపోయే ఆ ఇలిష్ చేప ఈస్ట్ బెంగాల్‌ది, రొయ్య మోహన్ బగాన్‌ది. ఎవరు గెలిస్తే ఆ రోజు బజారులో వాళ్ళ సరుకు ధర ఎక్కుతుందని అక్కడ చెప్పుకుంటారు. (మాకు మాత్రం మోహన్ బగాన్ ఎన్నిసార్లు గెలిచినా పైసా పెరగలేదు. వాళ్ళు మెచ్చేది నీలకంఠ రొయ్య, మేం వేసేది వనామీ. మా ధర డెర్బీ చేతిలో లేదు, 2025లో సుంకాలు పెంచిన అమెరికా చేతిలో ఉంది.)

ఇంత సామగ్రి ఉండీ అది గ్లాస్గో ఎందుకు కాలేదు? ఎందుకు కాలేదో ఆ చిన్నతను నాకు చూపించాడు. "మీవాళ్ళు అటునుంచి వచ్చారా?" అని అడిగాను. లేదట. తరతరాలుగా ముర్షిదాబాదేనట. మరి ఈస్ట్ బెంగాల్ ఎందుకు? "మా అన్న మోహన్ బగాన్, దీదీ. వాడితో ఒకే జట్టులో ఎట్లా ఉంటాను?" అన్నాడు. వాళ్ళ వదినదీ ఈస్ట్ బెంగాలేనట, అందుకని తను ఇక్కడున్నా ఇంట్లో ఆ రోజు ఓట్లు సమానం.

ఒక తరం ఆఫీసుల్లో పక్కపక్కన కూర్చుని, రెండో తరం పెళ్ళిళ్ళు చేసుకునేసరికి గీత వంటింట్లోకి వచ్చేసింది. ఇలిషూ రొయ్యా ఒకే పొయ్యి మీద ఉడకడం మొదలయ్యాక ఇంక ఎవరిని వెలివేస్తారు? అదే ఊళ్ళో మతం గీత మీద నిలబడిన మొహమ్మదన్ స్పోర్టింగ్ కథ వేరుగా నడిచింది. 1934 నుంచి 1938 దాకా వరసగా అయిదేళ్ళు కలకత్తా లీగ్ గెలిచిన గొప్ప జట్టది. ఆ కాలపు రాజకీయం ఆ విజయాలను ఆట విజయాలుగా ఉండనివ్వలేదు.

నా వాదానికి ఇక్కడ గట్టి దెబ్బ ఒకటుంది. 1980 ఆగస్టు 16. ఈడెన్ గార్డెన్స్‌లో ఇదే డెర్బీ. మైదానంలో మొరటాట, స్టాండ్లలో రాళ్ళు, ఆపైన తొక్కిసలాట. 16 మంది ఇంటికి తిరిగి రాలేదు. వాళ్ళ ఇళ్ళలోనూ రెండు జట్ల వాళ్ళు ఉండే ఉంటారు. ఇంటి మధ్యలోంచి పోయిన గీత వాళ్ళను కాపాడలేదు. దీన్ని నేను దాటవేయలేను. ఇరుకు మెట్లు, చాలని గేట్లు, నిండిన స్టాండ్లు ఉన్నచోట ఏ సిద్ధాంతమూ ఊపిరి పోయలేదు. 1997 జూలైలో సాల్ట్‌లేక్ స్టేడియంలో 1,31,000 పైచిలుకు జనం చూస్తుండగా భైచుంగ్ భూటియా హ్యాట్రిక్‌తో ఈస్ట్ బెంగాల్ 4-1 గెలిచిన రోజున అలాంటిది జరగలేదు. పగ అంతే ఉంది, జనం అంతకంటే ఎక్కువున్నారు. కాబట్టి గేట్లూ పోలీసులూ టిక్కెట్లూ నా గీత కంటే ముందు వరసలో నిలబడతాయని ఒప్పుకుంటాను.

కానీ 2024 ఆగస్టు 18న జరిగింది గేట్లతో వివరించలేం. ఆర్.జి. కర్ ఆస్పత్రిలో వైద్యురాలి హత్యాచారం తర్వాత ఊరు అట్టుడుకుతోంది. భద్రతకు పోలీసులు చాలరని ఆ రోజు జరగాల్సిన డ్యూరాండ్ కప్ డెర్బీ రద్దు చేశారు. మ్యాచ్ లేకపోయినా స్టేడియం దగ్గరికి రెండు జట్ల అభిమానులూ వచ్చారు, మొహమ్మదన్ వాళ్ళూ వచ్చారు. న్యాయం కావాలని కలిసి అరిచారు, కలిసి లాఠీలు తిన్నారు. ఒక జట్టు చొక్కావాడి భుజాల మీద ఎదుటి జట్టు చొక్కావాడు కూర్చున్న ఫొటో దేశమంతా తిరిగింది. ఒక ఆడదానిగా ఆ ఫొటో నాకు ఏ కప్పు కంటే ఎక్కువ. స్టేడియాల్లో మాకు ఎప్పుడూ ఉండీ లేనంత చోటే. మా కోసం స్టేడియం బయట నిలబడిన డెర్బీ మాత్రం అదొక్కటే నేను చూశాను.

రెండు టీకొట్లు

ఇప్పుడు ఆ పెద్దతను అన్న మాటకు వద్దాం. మా అత్తగారి ఊళ్ళో నిజంగానే టీకొట్లు రెండు. వినాయకచవితి పందిళ్ళు రెండు. ఏ పత్రిక ఎవరి చేతికిచ్చి ఏ వీధికి పంపారన్నది కూడా పెళ్ళింట్లో లెక్కే. నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో పుట్టినవాళ్ళెవరికీ నేను ఇంకా విడమర్చి చెప్పక్కర్లేదు.

అందులో కూడా నా గీత పరీక్ష పెట్టి చూశాను. అన్నదమ్ములు చెరో పార్టీలో ఉన్న ఇళ్ళున్న ఊళ్ళు కొంచెం చల్లగా ఉంటాయి, వీధికొక పార్టీగా చీలిన ఊళ్ళు కుతకుతలాడతాయి. ఇది అనిపించి చెప్పేదే తప్ప లెక్కలు తీసి చెప్పేది కాదు. మామగారు దీనికీ అడ్డం తగిలారు. "అన్నదమ్ములు చెరో పార్టీలో ఉండేది ప్రేమతో గాదమ్మా, ఎవరు గెలిచినా ఇంట్లో ఒకడుండాలని." నిజమే. గీత ఇంటి మధ్యలోంచి పోవడం వెనక లౌక్యం కూడా ఉండొచ్చు. కానీ లౌక్యంతో చల్లబడినా చల్లబడటమే కదా.

సినిమా హీరోల అభిమానం దగ్గర నాకు అసలు దిగులు. మా చిన్నప్పుడు ఇంట్లో నాన్న ఎన్టీఆర్, అమ్మ ఏఎన్నార్. ఆదివారం ఏ సినిమాకు పోవాలన్న దాని మీద వంటింట్లో గిన్నెలు మోగేవి. అంతే. ఇవాళ నెల్లూరులో ఒక కుర్రాడి బండి వెనక స్టిక్కరు చూసి, వాడి హీరో ఎవరో, కులమేదో, పార్టీ ఏదో మూడూ చెప్పేస్తామని పందెం కాసేవాళ్ళున్నారు. పందెం ప్రతిసారీ నెగ్గరు గానీ, అలా కాయబుద్ధి కావడమే చెబుతోంది. మూడు గీతలు ఒకదాని మీదికి ఒకటి జరుగుతున్నాయి. బెనిఫిట్ షో దగ్గర బ్యానరు చిరిగితే అది సినిమా తగాదాగా ఆగడం లేదు. గ్లాస్గో గురించి చదువుతున్నప్పుడు నాకు గ్లాస్గో కనిపించలేదు, మా ట్రంకు రోడ్డు కనిపించింది.

అందుకే మాంచెస్టర్ అరువు గొడవ మీద నాకంత కోపం రాలేదు. యునైటెడ్, సిటీ అనే గీతకు మన దగ్గర కులం తెలియదు, పార్టీ తెలియదు. మావాడూ వాడి స్నేహితుడూ ఏ జట్టన్నది వాళ్ళ ఇంటిపేరు చూసి ఎవరూ చెప్పలేరు. ఆ పిల్లల జీవితాల్లో ఇంత అమాయకమైన గీత ఇంకొకటి లేదేమో. విమానం బొమ్మ పెట్టడం తప్పు, ఆ కుర్రాణ్ని పిలిచి ఫ్రాంక్ స్విఫ్ట్ సంగతి చెప్పాను కూడా. కానీ ఆ గీతనే చెరిపేయమని చెప్పను.

మనకెందుకు లేదు

తెలుగువాళ్ళకు సొంత డెర్బీ లేదా అని మావాడు అడిగాడు. ఉండాల్సింది. ఒకప్పుడు దేశపు ఫుట్‌బాల్‌కు ఊపిరి హైదరాబాదు. సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. రహీం సాబ్ కోచ్‌గా ఇండియా 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారం తెచ్చింది, 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. సికిందరాబాదు కుర్రాడు తులసీదాస్ బలరాం కలకత్తా పోయి ఈస్ట్ బెంగాల్‌కు కెప్టెనయ్యాడు. అంతకుముందు ఆ జట్టును ఏలిన అయిదుగురు ఫార్వర్డ్‌లను పంచపాండవులనేవారు, అందులో ఒకరు అప్పారావు. వాళ్ళ డెర్బీకి మనం మనుషుల్నిచ్చాం.

మొన్నమొన్నటిదాకా హైదరాబాదులో పెద్ద క్లబ్బులు రెండున్నాయి, హైదరాబాద్ ఎఫ్‌సీ, శ్రీనిధి డెక్కన్. 2024 జనవరిలో భువనేశ్వర్‌లో సూపర్ కప్ జరిగితే ఒకే గ్రూపులో నాలుగు జట్లు పడ్డాయి: మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, హైదరాబాద్, శ్రీనిధి. రెండు ఊళ్ళు, రెండు డెర్బీలు. ఒకదాని కోసం బెంగాలు నుంచి జనం రైళ్ళెక్కి వచ్చారు. ఇంకొకటి జరిగిందని మన దగ్గర ఎంతమందికి తెలుసు? తర్వాతి ఏడాది హైదరాబాద్ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. 2021-22లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు గెలిచిన జట్టు అది. క్లబ్బు లైసెన్సును ఇంకో ఊరికి పట్టుకుపోవచ్చు. ఇంట్లో ఇద్దరు దాని కోసం మాటలు మానేసుకుని ఉంటే ఆ పోవడం అంత నిశ్శబ్దంగా జరిగేది కాదు. తగాదా కూడా జట్టును ఊళ్ళో పట్టి ఉంచే ఒక వేరు.

వచ్చే వేసవి సెలవుల్లో ఏడుగురేసి ఆడే టోర్నమెంటు ఒకటి పెడదామని మావాడి కాలేజీ పిల్లలు అనుకుంటున్నారు. కాలేజీల వారీగా జట్లు కట్టాలని వాళ్ళ ఆలోచన. వద్దన్నాను. మన కాలేజీల్లో ఏ కాలేజీ ఎవరిదో అందరికీ తెలుసు, గీత మళ్ళీ పాత గీత మీదికే పోతుంది. రెండే జట్లు పెట్టమన్నాను, రైలుకట్టకు అటువైపు ఒకటి, ఇటువైపు ఒకటి. వానొస్తే అండర్‌బ్రిడ్జిలు మునిగి ఊరు ఎలాగూ అక్కడే రెండు ముక్కలవుతుంది. కట్టకు రెండు వైపులా అన్ని కులాలూ ఉన్నాయి, అన్ని పార్టీలూ ఉన్నాయి, సగం చుట్టరికాలు అటునుంచి ఇటే.

అప్పుడే అభ్యంతరాలు మొదలయ్యాయి. మంచి గోల్‌కీపర్లిద్దరూ ఒకే వైపున్నారట. చొక్కాలకు డబ్బిస్తానన్న బట్టల కొట్టాయన రెండు జట్లకీ ఇస్తేనే ఇస్తానంటున్నాడు. వేదాయపాళెం పిల్లాడొకడు, తన ఇల్లు కట్టకు ఇవతల, అమ్మమ్మ ఇల్లు అవతల, తిండి అక్కడ, పడక ఇక్కడ, తనను ఎటు వేస్తారో ముందు తేల్చమని కూర్చున్నాడు. ఇంకా తేలలేదు.